బియ్యం కార్డులో మూడో పేరు

ప్రొద్దుటూరు,
జూన్ 3

అప్పా త్రివిక్రమా,

ఫోన్ చేయకుండా ఇంత పొడుగు మెసేజ్ ఏందప్పా అనుకుంటావేమో. మా అంగడికీ ఇంటికీ మధ్య ఉండేది ఒక కర్టెన్. నేను ఫోన్లో ఎంత మెల్లగా మాట్లాడినా లోపల మా ఇంటామె మెహబూబున్నీసా రొట్టె తిప్పేది ఆపి వింటాది. అందుకే గిరాకీ లేని ఈ మధ్యాన్నం గల్లా కాడ కూర్చోని టకటకా కొడతాండా. తప్పులుంటే సర్దుకో. నీ మాదిరి ముప్పై ఏండ్లు తాసిల్దారాఫీసులో ఫైళ్లు రాసి రిటైరైనోన్ని కాను, మ్యాచింగ్ సెంటర్లో జాకెట్టు గుడ్డలు చించేటోన్ని.

మన చిన్నది నాజియాకు సంబంధం వచ్చింది. మీ జమ్మలమడుగే. పిల్లోడు అన్సర్, కువైట్లో ఏసీ మెకానిక్. తండ్రి ల్యాడు. తల్లి ఖాజాబీ, పిల్లోడు, ఇద్దరే. ఆయమ్మ వచ్చి పిల్లను చూసి పోయింది. పిల్లోడు వీడియోలో మాట్లాడినాడు, మంచిగానే ఉండాడు. ఆగస్టులో సెలవు మీద వస్తాండాడు. వచ్చిన వారంలో మంగ్నీ, అదే నిశ్చితార్థం, ఆ నెల్లోనే నిఖా అంటాండారు. పిల్ల కువైట్ పోదు, ఈడనే అత్తతో ఉండాల.

అంతా బాగుంది. గానీ ఒకటి మాత్రం తేలల్యా. "పిల్లోనికి ముప్పై దాటినాయి గదమ్మా, ఇంతదాక ఎందుకు ఆగినారు" అని నేనడిగినా. ఆయమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "ఈ కర్టెన్ గుడ్డ యాడ తెచ్చినారు" అనింది. నేను తొమ్మిది రకాల గుడ్డలు చూపించినా, వాటి కత చెప్పినా. ఆయమ్మ పోయినాక గుర్తొచ్చింది, నేనడిగినదానికి జవాబు రాలేదని.

మా యాపారంలో ట్యూబులైటు కింద రంగు నమ్మకూడదు. వీధిలోకి తెచ్చి ఎండలో చూడాల. నాకు ఆ ఊర్లో ఎండ నువ్వే. ఒక మాటు పోయి విచారించు. పెద్దది రుక్సానా సంబంధమప్పటి సంగతి మనసులో పెట్టుకోవద్దు, నేను మర్చిపోయినా. మొగమాటం ల్యాకుండా చూసింది చూసినట్ల రాయి.

నీ గౌస్


జమ్మలమడుగు,
జూన్ 12

గౌసూ,

నీ ఉత్తరం అందింది. విచారించాను. కుటుంబం మంచిదే. సొంత ఇల్లు. ఖాజాబీ గారు మంచి మనిషి, ఇరుగుపొరుగులో మంచి పేరు ఉంది. అబ్బాయి కువైట్‌లో నిలకడగా పనిచేస్తున్నాడని చెప్పారు. నడవడిక మంచిదని తెలిసింది. మెహబూబున్నీసా గారికి నా నమస్కారాలు చెప్పు. మా నాగరత్నమ్మ పిల్లలను అడిగినట్టు చెప్పమంది.

త్రివిక్రమరావు


ప్రొద్దుటూరు,
జూన్ 15

సామీ,

నీ జాబు చదివినా. మళ్లీ చదివినా. అంగడి బయటికి తెచ్చి ఎండలో కూడా చదివినా.

పోయినేడు మీ ఇంటి ముందర మురిక్కాలువ గురించి నాకు మూడు పేజీలు రాసినోనివి నువ్వు. నా కూతురి సంబంధం గురించి తొమ్మిది వాక్యాలు. దాంట్లో 'మంచి' నాలుగు మాట్లు. నేను లెక్క పెట్టినా.

మొగమాటాలు నాకు కొత్త కాదప్పా, నేను తినేదే వాటి మధ్య కూర్చోని. రంగు నచ్చని ఆయమ్మ "ఇంట్లో అడిగొస్తా" అంటాది. ఇంట్లో ఎవురూ ఉండరు. కొలత తేకుండా వచ్చినామె "నాకు ఎంత పడుతుందో నువ్వే చూడు భాయ్" అంటాది. ఆమెను చూసి మీటరుకు పైనే అని నేనెట్ల చెప్పేది, ఆ ఇరకాటం నాది. చీరెకు ఫాల్ కొనేకొచ్చి, తోడొచ్చిన వదిన ముందర చవకది అడగల్యాక ఖరీదుది కొనుక్కొని పోయేటోళ్లు ఉండారు. గుడ్డ ఒక్క తడుపుకే కుంచించుకపోయిందని తిరిగి తెచ్చినామె అయితే మొదట నా ఆరోగ్యం అడుగుతాది. అందుకే ఎవురన్నా నా ఆరోగ్యం అడిగితే నాకు గుండె దడ.

నువ్వు మా ఇంటామెకు నమస్కారాలు పంపినావు. ముప్పై ఏండ్లలో ఎప్పుడన్నా పంపినావా?

ఇంగోటి. మాకు లైనింగ్ గుడ్డ తెచ్చే అజ్మతుల్లా నీకు తెలుసు గదా. మీ ఊరు పోయినప్పుడు నువ్వు ఖాజాబీ ఇంట్లో నుంచి వచ్చేది రెండు మాట్లు చూసినాడంట. చేతిలో కాగితాలంట. ఒకమాటు ఆయమ్మ వాకిలి దాక వచ్చి నీ సంచిలో టిఫిన్ డబ్బా పెట్టిందంట. నేను విచారించమంటే పక్కింట్లో అడిగొస్తావనుకున్యా. నువ్వేమో ఆ ఇంటి మనిషివే అయినట్లుండావు.

ఏందప్పా ఇది? రాయి.

గౌస్


జమ్మలమడుగు,
జూన్ 20

గౌసూ,

అజ్మతుల్లా చూసింది నిజమే, కాకపోతే రెండు సార్లు కాదు, నాలుగు సార్లు వెళ్లాను. డబ్బాలో ఉన్నది సేమ్యా పాయసం. కాగితాలు ఆమె బియ్యం కార్డువి. ఆఫీసులో పనిచేసినవాణ్ని కదా, ఎవరైనా కాగితం చేతిలో పెడితే తిరిగి ఇవ్వడం నాకు రాదు.

ఖాజాబీ గారు మంచి మనిషి అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. అంతకు మించి ఇప్పుడు అడగవద్దు. నాకు పదిహేను రోజులు ఇవ్వు. ఒక ఊరికి వెళ్లి రావలసి ఉంది. అంతవరకు మంగ్నీకి తేదీ ఖాయం చేయకు. కారణం కూడా అడగకు. నామీద ఏ మాత్రం నమ్మకమున్నా ఈ రెండు పనులు చెయ్యి.

త్రివిక్రం


ప్రొద్దుటూరు,
జూలై 8

గౌరవనీయులైన శ్రీ త్రివిక్రమరావు గారికి,

మీరు పదిహేను రోజులు అన్నారు. పద్దెనిమిది అయినాయి. ఫోన్ ఎత్తరు. ఎత్తితే నాగరత్నమ్మ వదిన ఎత్తి "స్నానం చేస్తాండారు" అంటాది. మీరు రోజుకు ఎన్ని మాట్లు స్నానం చేస్తారు సార్?

కుటుంబం మంచిదంట, తేదీ మాత్రం ఇయ్యకూడదంట. కారణం అడగకూడదంట. ఖాజాబీ ఇంట్లో పాయసం మాత్రం తాగొచ్చంట. నా కాడ దాచి పెట్టేంత పని ఆ ఇంట్లో మీకేముంది? వాళ్లు నా పిల్ల గురించి మిమ్మల్ని అడిగినారా? మీరేమన్నా చెప్పినారా? ఆయమ్మ నిన్న ఫోన్ చేసి "మీకు మాదాంట్లో ఏమన్నా అనుమానమా భాయ్" అనింది. నాకున్నట్లు ఆయమ్మకెట్ల తెలిసింది?

రుక్సానా సంగతి మర్చిపోయినా అని రాసినా. అబద్ధం. మర్చిపోలా. ఎనిమిదేండ్ల కింద ఖాజీపేట పిల్లోడు బస్టాండులో పడి ఉన్న్యాడు, తాగుతాడు అని రాసింది నువ్వు. నీ మాట మీద నేను సంబంధం తెంపినా. తర్వాత తెలిసింది, వానికి షుగరు, తిండిల్యాక కండ్లు తిరిగి పడినాడని. నా బిడ్డ ఇంగో ఐదేండ్లు కూర్చుంది. మెహబూబున్నీసా ఆ పొద్దు నుంచి నీకు టీ ఇస్తాది గానీ తాగమని చెప్పదు, నువ్వు చూసే ఉంటావు.

అప్పుడు సరిగ్గా చూడకుండా చెప్పినావు. ఇప్పుడు చూసి కూడా చెప్పల్యాకపోతాండావు. నేను మంగ్నీకి ఆగస్టు పది ఖాయం చేసినా. మీకు వీలైతే వచ్చి భోంచేసి పోండి.

ఇట్లు,
గౌస్ మొహిద్దీన్


పులివెందుల,
జూలై 11

గౌసూ,

బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. మా ఊరి బస్సుకు ఇంకా గంట ఉంది. నువ్వు 'గారు' అని రాసిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. మొత్తం చెబుతాను, చదివాక ఏమైనా అను.

నీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే ఖాజాబీ వీధికి వెళ్లాను. పక్కింట్లో అడుగుదామనే నా ఉద్దేశం. కానీ అడగడం నాకు చేతకాదు. ఆఫీసులో ముప్పై ఏళ్లూ జనమే వచ్చి నన్ను అడిగారు. సంచి పట్టుకుని ఎవరి తలుపు కొట్టాలో తెలియక సరిగ్గా ఆమె వాకిలి ముందే నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చి, "కార్డు సారా, రాండి రాండి, మూడు నెల్లాయ ఎదురు చూడబట్టి" అంది. కాదమ్మా అని ఒక్క మాట అనాలి. ఆ మాట నోట్లో తయారయ్యే లోపల కుర్చీ వచ్చింది, కొంగుతో తుడిచింది, చెంబుతో నీళ్లు వచ్చాయి. కూర్చున్నాను. ఒకరింట్లో నీళ్లు తాగాక నేను మీరనుకున్న మనిషిని కాదని చెప్పడం ఎంత కష్టమో నీకు తెలియదు. నువ్వైతే నీళ్లకు ముందే నీ కథంతా చెప్పేసి ఉందువు.

ఆమె కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో మూడు పేర్లున్నాయి. ఖాజాబీ, అన్సర్, ఫర్జానా.

"ఈ మూడో పేరు తీసేయాల సార్" అంది. "కోడలు. పోయింది."

చనిపోయిందనుకుని అయ్యో అన్నాను. చావలేదట. ఏడు నెలలు కాపురం చేసి, తనే ఖులా, అంటే విడాకులు, అడిగి పులివెందులలో పుట్టింటికి వెళ్లిపోయిందట. నాలుగేళ్లయిందట. నేనేమీ అడగకుండానే ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. "ప్రొద్దుటూరులో కొత్త సంబంధం కుదిరింది సార్. వాళ్లకు ఇంగా చెప్పల్యా. కార్డులో పేరు పోతే ఇంగ చెప్పే పనే ఉండదు."

మోసం చేసే మనిషిలా చెప్పలేదు గౌసూ. పాత గోడకు సున్నం కొట్టించాలి అన్నట్టు చెప్పింది. నేను తలూపి కాగితాలు తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే నీకు రాసి ఉండాలి. రాయడానికి కూర్చుంటే ఖాజీపేట అబ్బాయి గుర్తుకొచ్చాడు. అతను కింద పడి ఉండడం నేను కళ్లారా చూశాను, అయినా నేను చూసింది నిజం కాకపోయింది. ఇప్పుడు చూసింది కార్డులో ఒక పేరు. ఆ అమ్మాయి ఎందుకు వెళ్లిపోయింది? అతను కొట్టాడా, ఈ తల్లి రాచి రంపాన పెట్టిందా, తప్పు ఎవరిది? తెలియకుండా రాస్తే మళ్లీ ఒక పెళ్లి నా చేతి మీదుగా తప్పిపోతుంది. రాయకపోతే నీ బిడ్డ గొంతు కోసినట్టు. అందుకని 'మంచి' నాలుగు సార్లు రాశాను. ఆ మాట తప్ప ఇంకేం రాసినా అసలు సంగతి బయటపడిపోయేలా ఉంది. ఆ తర్వాత ఆమె ఇంటికి వెళ్లిందంతా ఇంకాస్త తెలుసుకుందామనే. ఆమె పెట్టింది తిన్నాను, ఆమె కొడుకు ఫోటోలు చూశాను. వెళ్లిన ప్రతిసారీ ఈ రోజు చెప్పేద్దామనుకుని, చెప్పలేక, కార్డు పని ఇంకా కాలేదమ్మా అని వచ్చాను. నీ అనుమానం ఆమెకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. నాలాంటి మొహం రోజూ ఎదురుగా కూర్చుంటే ఎవరికైనా ఏదో ఉందని తెలుస్తుంది.

ఇక్కడికి రావడానికి ఆలస్యమైంది నా పిరికితనం వల్లే. రెండు సార్లు ఇదే బస్టాండు దాకా వచ్చి తిరిగి వెళ్లాను. ఈ రోజు వెళ్లాను. ఫర్జానా ఇక్కడ ఒక టైలరింగ్ అంగడిలో కుడుతోంది. ఈసారి కార్డు సార్ కాలేదు. పెళ్లికూతురి తండ్రికి స్నేహితుణ్నని గుమ్మంలోనే చెప్పాను. వాళ్లమ్మ కాసేపు నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ పిల్లే మిషన్ ఆపి లేచి వచ్చింది.

అన్సర్ కొట్టలేదట, తిట్టలేదట. అత్త కూడా అన్నం పెట్టింది, మాట అనలేదు. "మరి ఎందుకమ్మా" అన్నాను.

"నాకు అసలు ఆ నిఖానే వద్దు సార్. ఇంటినిండా చుట్టాలు. అందరి ముందర వద్దని ఎట్ల అనాల? మూడు మాట్లు అడిగినారు, మూడు మాట్లూ ఖుబూల్ అంటి. నాలుగో మాటు అడిగింటే ఏడుస్తాంటినేమో." కువైట్ నుంచి అతను ఫోన్ చేస్తే ఇద్దరూ ఏం మాట్లాడాలో తెలియక ఫ్యాను చప్పుడు వింటూ ఉండేవాళ్లట. చివరికి తనే ధైర్యం చేసి ఖులా అడిగిందట. అతను మారు మాట లేకుండా ఒప్పుకున్నాడట.

వచ్చేటప్పుడు వీధి చివరి దాకా వెంట వచ్చి ఒకటే చెప్పింది. "ఆ పిల్లను ఒంటిగా ఒక మాటు అడగమని చెప్పండి సార్. అందరూ ఉన్నప్పుడు వద్దు."

ఇదంతా నువ్వు అడిగిన మొదటి వారంలోనే చెప్పవలసింది. ఇప్పుడు నీ చేతిలో పెట్టాను. ఆగస్టు పదికి నేను రావచ్చో లేదో కూడా నువ్వే చెప్పు.

త్రివిక్రం


ప్రొద్దుటూరు,
జూలై 13

త్రివిక్రమా,

నీ జాబు చదువుతానే అజ్మతుల్లా బండి తీస్కోని జమ్మలమడుగుకు పోదామని చెప్పులేసుకున్యా. ఆయమ్మను వీధిలో నిలబెట్టి కడిగేద్దామని. మెహబూబున్నీసా అడ్డం నిలబడింది. ఆమెకు ఏం చెప్పల్యా, అంగడి పని అన్యా. నమ్మల్యా. అప్పుడు ఆ పులివెందుల పిల్ల చెప్పిన మాట గుర్తొచ్చి చెప్పులు విప్పినా.

సాయంత్రం మెహబూబున్నీసాను రుక్సానా ఇంటికి పంపి, నాజియాను అంగట్లోకి పిలిచి షట్టరు సగం దించినా. పిల్ల బెదిరిపోయింది, ఎవురికేమైందో అని. నేను ఎట్ల మొదలుపెట్టాల? దినాం నూరు మంది ఆడోళ్లతో మాట్లాడేటోన్ని, నా బిడ్డతో ఒంటిగా కూర్చుంటే గుడ్డల తాను తీసి విప్పినా, మళ్లీ చుట్టినా. ఆఖరికి, అన్సర్‌కు ఇంతకుముందే ఒక నిఖా అయింది అంటి.

పిల్ల నేను సగం చుట్టిన తాను తీస్కోని సరిగ్గా చుడతా, "తెలుసు బాబా" అనింది.

ఎట్ల తెలుసు అంటే, ఆ అన్సరే చెప్పినాడంట. నెంబరిచ్చిన రెండో వారంలోనే. చెప్పేకి అరగంట పట్టిందంట, ఎండలు ఎట్లుండాయి, మీ ఊర్లో కరెంటు పోతాదా అని ఏందేందో అడిగి. "చెప్పినాడు కాబట్టే ఒప్పుకున్యా" అనింది.

"మరి నాకెందుకు చెప్పల్యా తల్లీ?"

దానికి ఏమన్నిందో చూడు. "చెప్తే మీరు అరుస్తారు బాబా. అరిచినాక మీకు ఇంగెవురి మాటా వినపడదు. అక్క సంబంధమప్పుడు అక్క చెప్తానే ఉండె, ఆయనకు షుగరు, తాగుడు కాదు అని. మూడు దినాలు చెప్పింది. మీరు వినల్యా."

నాకు గుర్తే ల్యాదప్పా. రుక్సానా చెప్పిందంట నాకు. ఈ చెవుల్లో. రుక్సానాకు ఫోన్ చేసి అడిగినా. "పోనీ బాబా, ఇప్పుడెందుకు" అనింది. ఎనిమిదేండ్లు ఆ తప్పు నీ నెత్తిన పెట్టి నేను హాయిగా తిరిగినా. నువ్వు రాసింది తప్పే. గానీ దాన్ని సరిచేసే మాట నా ఇంట్లోనే ఉండె. నీకు ఈ మాట ఎదురుగా చెప్పాలంటే నాకు నోరు రాదు, అందుకని ఈడనే చెప్తాండా.

ఇంగ నాజియా సంగతి. మీరు పోయి అరిస్తే ఈ సంబంధమే నాకొద్దు అంటాంది. ఏమీ తెలీనట్లు నిఖా చేసినా వద్దంట. "ఆయన సెలవైపోతానే పోతాడు. ఆ ఇంట్లో పొద్దున లేస్తే నేనూ ఆయమ్మే. ఆయమ్మ దాస్తా, నాకు తెలుసునని నేను దాస్తా, ఇద్దరం ఒకే పొయ్యి కాడ ఎన్నేండ్లు ఉండాల? ఆయమ్మ నోటితో నాకు చెప్పాల. చెప్తే ఆగస్టు పది. చెప్పకుంటే ల్యా." అన్సర్‌తో కూడా ఇదే చెప్పిందంట. ఆయప్ప అమ్మకు ఫోన్ చేస్తాడు, వంట ఏం చేసినావు అని అడిగి పెట్టేస్తాడంట. అదీ ఆయప్ప ధైర్యం.

ఎవురు చెప్పాల ఆయమ్మకు? నేను పోతే అరుస్తా, నాకు తెలుసు. నువ్వే పో. కార్డు సారు మాదిరి కాదు, నా మనిషిగా పో. నాగరత్నమ్మ వదినను కూడా పిల్చుకోని పో, నువ్వు ఒంటిగా పోతే మళ్లీ పాయసం తాగి వస్తావు.

నీ గౌస్


జమ్మలమడుగు – ప్రొద్దుటూరు బస్సు,
జూలై 14

గౌసూ,

బస్సు కుదుపుతోంది, ఫోన్లో అక్షరాలు తప్పుపడుతున్నాయి.

పొద్దున పదింటికి వెళ్లాం. ఖాజాబీ ఎప్పటిలాగే కుర్చీ తుడిచింది. కూర్చోలేదు నేను. నీళ్లు తెచ్చింది, తాగలేదు. నాగరత్నమ్మ నా వీపు వెనక నిలబడి ఉంది, వెనక్కి పోవడానికి దారి లేకుండా. "అమ్మా, నేను ఆఫీసు మనిషిని కాను. ఎప్పుడో రిటైరయ్యాను. నాజియా వాళ్ల నాన్న నాకు చిన్ననాటి స్నేహితుడు. విచారించి రమ్మంటే వచ్చాను" అని అంతా ఒకే ఊపిరిలో చెప్పాను.

ఆమె నన్ను చూసింది, నాగరత్నమ్మను చూసింది, చేతిలో నీళ్ల చెంబు చూసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే నా కార్డు పని కాదా?" అంది.

నేను దగ్గరుండి వార్డు సచివాలయానికి తీసుకువెళతానన్నాను. అది చేస్తాను కూడా, పులివెందుల పిల్లకు కూడా ఆ పేరు ఈ కార్డులోంచి పోతే తప్ప వాళ్లమ్మ కార్డులో చేరదట. ఆమె చెంబు కింద పెట్టి గుమ్మంలోనే కూర్చుని, "ఆ పిల్లకు తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. "ఎప్పట్నుంచి?" మీరు పిల్లను చూసి వచ్చిన కొద్ది రోజుల నుంచే అన్నాను. "తెలిసీ నాతో ఫోన్లో నవ్వుతా మాట్లాడిందా, ఆరోగ్యం బాగుందా అత్తమ్మా అని" అంది. ఆ తర్వాత మొహం కొంగులో పెట్టుకుంది. నాగరత్నమ్మ పక్కన కూర్చుంది. నేను గోడ మీద క్యాలెండరు చదివాను, మొదటి నుంచి చివరి దాకా.

ఆమె చెప్పింది ఇంతే. తొలి కోడలు పోయినప్పుడు వీధంతా వచ్చి పలకరించారట, ఏమైంది ఏమైంది అని. ఏమీ కాలేదని చెబితే ఒక్కరూ నమ్మలేదట. కొడుకులో ఏదో లోపం ఉందని తలో మాట అన్నారట. రెండు సంబంధాల వాళ్లకు ముందుగానే చెప్పిందట, రెండూ పోయాయట. మూడోసారి చెప్పడానికి తనకు నోరు రాలేదట.

నీ బిడ్డ ఆమె నోటితోనే వినాలంటోందని చెప్పాను. ఫోన్లో చెబితే చాలదా అంది. నాగరత్నమ్మ, "చాలదు వదినా" అంది. ఆమె లోపలికి పోయింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నాను. బురఖా వేసుకుని వచ్చి, "ప్రొద్దుటూరు బస్సు ఎన్నింటికి?" అంది.

ఆడవాళ్లిద్దరూ ముందు సీట్లో ఉన్నారు. ఇంకో పావుగంటలో దిగుతాం. నువ్వు బస్టాండుకు రావద్దు. ఏమీ అడగవద్దు, తొమ్మిది రకాల గుడ్డలు కూడా చూపించవద్దు. మెహబూబున్నీసాకు ఇప్పుడే చెప్పు, మేము వచ్చాక కాదు. ఖాజాబీనీ నాజియానూ లోపల కూర్చోబెట్టి మనం బయట అరుగు మీద ఉందాం.

ఎక్కినప్పటి నుంచి ఖాజాబీ మూడుసార్లు వెనక్కి తిరిగి నన్ను అడిగింది, ఆ పిల్ల ఏమడుగుతుంది, తనేం చెప్పాలి అని. నాకు తెలీదమ్మా అన్నాను. ఇప్పుడు నాలుగోసారి తిరిగింది.

త్రివిక్రం